మూడో వంతు

ఫయాల్ దీవి, ఓర్తా రేవు.
మొదటి సందులో మూడో తలుపు దియోలిండాది.
బోర్డు లేదు. నూనె వాసనే బోర్డు.
జలసంధి అవతల పీకో కొండ
మబ్బు టోపీ నెత్తిన పెట్టుకుంటే
ఆ పూట పడవలు కదలవు,
రీళ్ళు మాత్రం ఇక్కడికి నడిచొస్తాయి.

ఇవాళ బెల్మీరు వచ్చాడు,
చంకలో బంగారు రంగు రీలు,
మొహం నిండా పోయిన చేప.
"నాలుగొందల కిలోల మార్లిన్," అంటాడు.
పోయినదాన్ని తూచిందెవరు గనక!

ఆవిడ ఏమీ అనదు. మర విప్పుతుంది.
పాత పేపరు మీద, తీసిన వరసలోనే,
ఉక్కు బిళ్ళ, కార్బన్ బిళ్ళ.
"చూడు," అంటుంది నాతో, అతనితో కాదు,
"చేప లాగితే జారాల్సింది ఇది.
దారం తెగేలోపు చక్రం జారాలి.
విద్యంతా ఇంతే.
తక్కినదంతా, ఎంతకి జారాలన్నదే."

చలికాలమంతా లివర్ చివరిదాకా తోసేసి
అటక మీద పడేశాడట.
బిళ్ళ ఉక్కుని కరుచుకుని నిద్రపోయింది.
చేప లాగింది.
రీలు ఒక్క క్షణం ఆలోచించింది.
ఆ క్షణం చాలు.

గోడకి ఇంకా చాలా వేలాడుతున్నాయి.
ఉన్ని బిళ్ళల పాతది, నూనె తాగి మెత్తగా కదులుతుంది,
సన్న దారానికీ చిన్న చేపకీ మంచి తోడు,
ట్యూనా ఒక్క పరుగు తీసిందా, కమురు వాసన.
అక్కడ కార్బన్ కావాలి,
కాలినా మాట తప్పనిది.
పిడి కింద చుక్క చక్రం ఉన్నది అడుగు చేపలకి:
రాళ్ళ సందుల్లోకి దూరే మొండిదాన్ని
ఒకసారి బిగించి, ఇక తిప్పకుండా పైకి తోడాలి.
లివర్‌ది వేటకి వెళ్ళే పడవకి,
ముందే గుర్తు పెట్టుకున్న చోటికి
చీకట్లో కూడా వేలు వెళ్ళి ఆగుతుంది.
వెనక మరున్న బుల్లి రీలు
గట్టు మీద షిషారు పట్టే పిల్లలది;
అందుబాటు ఎక్కువ, బలం తక్కువ.

ఆ మూల కిర్రుమనేది
ఐస్‌లాండ్ ఆయనెవరో మర్చిపోయాడు, నదుల రీలు.
అది ఆపదు, చెబుతుంది.
ఆపాల్సింది అరచెయ్యి.

"దారం సగం పోయాక బిగించకు బెల్మీరూ.
చుట్ట చిక్కినకొద్దీ పట్టు దానంతటదే బిగుస్తుంది.
భయపడ్డవాడు సరిగ్గా అప్పుడే తిప్పుతాడు."
బెల్మీరు నేల చూస్తాడు.
తిప్పాడన్నమాట.

కాటా తెచ్చి గుమ్మానికి తగిలిస్తుంది.
ఇరవైనాలుగు కిలోల దారం,
ఎనిమిది దగ్గర జారాలి.
మూడో వంతు.
మిగతా రెండు వంతులూ ముడికి, అలకి,
ఆఖరి నిమిషంలో తల విదిలించే చేప కోపానికి.

వాళ్ళ నాన్న రీలుకి ఇవేవీ లేవు.
తిరిగే చక్రం మీద తోలుముక్క,
దాని మీద బొటనవేలు.
తోలు చిరిగిన రోజు వేలొక్కటే.
గుర్తింపు కార్డుకని వెళితే
గుమాస్తా మూడుసార్లు సిరా రాశాడట.
మూడుసార్లూ కాగితం మీద
గీతల్లేని నల్లటి మచ్చ.
"మీరు మీరేనా?" అని అడిగాడట గుమాస్తా.
ఇది చెప్పినప్పుడు మాత్రం ఆవిడ నవ్వుతుంది.

బిళ్ళలు తుడిచి, పలచగా గ్రీజు పూసి,
వరస తప్పకుండా పేర్చి మూసింది.
"పద, దారం పట్టుకుని నడువు."
బెల్మీరు చివర పట్టుకుని
గడప దాటాడు, చేపల బుట్టలు దాటాడు,
లంగరు గుంజల దాకా వెళ్ళాడు.
రీలు తడబడకుండా,
ఒకే శ్రుతిలో, వదులుతూ వదులుతూ.

దియోలిండా కళ్ళు మూసుకుని వింటోంది.
ఒళ్ళో ఆవిడ కుడి బొటనవేలు
దేన్నో మెల్లగా నొక్కుతోంది.
అక్కడేమీ లేదు.